అక్కడే తెగిన నరం

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. గుంటూరులో ఒక వైద్య కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం చెబుతాను. శవాల మధ్య పాఠం చెప్పుకుని బతికేవాడికి ఆ నమ్మకం గిట్టుబాటు కాదు.

మా విభాగానికి త్రీడీ ప్రింటర్ తెప్పించింది నేనే. ముంజేతి నరాల నమూనా శుక్రవారానికల్లా చేసి చూపించకపోతే ఆ ప్రింటర్‌ని దంతవైద్యం వాళ్లకిచ్చేస్తామన్నారు మా హెడ్ మేడమ్.

ఎముకల కొలతల కోసం, కొత్తగా వచ్చిన ఒక దేహదాత శవం చేతికి స్కాన్ తీయించాను. అందులో నరాలు సరిగా కనపడవు. పుస్తకం ముందు పెట్టుకుని కంప్యూటర్‌లో నేనే గీశాను. చిటికెన వేలి నరాన్ని మోచేతి నుంచి వేలి దాకా ఎక్కడా ఆగకుండా లాగాను.

సోమవారం తీసిన ప్రింటులో మిగతావన్నీ బాగానే వచ్చాయి. ఆ ఒక్క నరమే మణికట్టుకి నాలుగు వేళ్ల వెడల్పు పైన తెగి ఉంది. ప్లాస్టిక్ కారే నాజిల్ శుభ్రం చేశాను. మళ్లీ అక్కడే తెగింది. ఫైల్లో ఎంత వెతికినా చీమ దూరే సందు లేదు. నరం లావు పెంచాను. నమూనాని తలకిందులు చేసి తీశాను. బుధవారం మధ్యాహ్నానికి బల్ల మీద నాలుగు చేతులున్నాయి, నాకే చేతకాలేదు.

“మళ్లీ తెగిందా సార్?” అన్నారు డిసెక్షన్ హాల్ అటెండర్ మస్తాన్ వలీ గారు.

“తెగిందండి.”

“మీ మిషనుకి నరాల బలహీనతేమోనండి.”

నవ్వే ఓపిక లేదు. అసలు నరం దారి చూసుకుందామని ఆ దాత చేతినే కోశాను. చిటికెన వేలి నరం మణికట్టుకి నాలుగు వేళ్ల పైన తెగి ఉంది. పాత గాయం, రెండు కొసలూ గడ్డలు కట్టి దూరంగా ఉన్నాయి. ఆ చేతి చివరి రెండు వేళ్లు ముడుచుకుపోవడం శవం పాడవకుండా ఎక్కించే మందు వల్లేనని ఇన్నాళ్లూ అనుకున్నాను, పిల్లలకి పాఠం చెప్పేవాణ్ని.

దాతల రిజిస్టర్ తీశాను. ‘పాత గాయం: సిర’ అని, అంటే రక్తనాళమని, నా చేతిరాతే. దేహం అప్పగించిన రోజు ఆయన కూతురు, “మా నాన్నకి పత్తి జిన్నింగ్ మిల్లులో చేతి నరం తెగిందండి” అంది. మనవాళ్లకి రక్తం పారేదీ నరమే, స్పర్శ తెలిపేదీ నరమే. ఏ నరమమ్మా అని అడగకుండా రాసేశాను.

“పెద్దాయన కష్టం తప్పు రాశారు సార్. దిద్దెయ్యండి,” అన్నారు మస్తాన్ గారు.

‘సిర’ కొట్టేసి, స్పర్శ తెలిపే ‘నాడి’ అని రాసి సంతకం పెట్టాను.

గురువారం, మొదటి రోజు ఫైలునే ఏమీ మార్చకుండా ఐదోసారి తీశాను. నరం మోచేతి నుంచి వేలి దాకా అతుకు లేకుండా వచ్చింది.

శుక్రవారం మేడమ్ దాన్ని కిటికీ దగ్గర తిప్పి చూసి, ప్రింటర్ ఇక్కడే ఉంటుందన్నారు. “ఏ సెట్టింగ్ మార్చారో రాసివ్వండి, మిగతావాళ్లకీ పనికొస్తుంది.”

కాగితం మీద ‘ఏమీ మార్చలేదు’ అని రాసిచ్చాను. పనితనం దాచుకుంటున్నానని ఆవిడకి ఇప్పటికీ అనుమానం. దాచుకోవడానికైనా నాకు తెలిసుండాలి కదండీ.