మేడమ్ గారి సాలీడు, నా తొందర

శుక్రవారం. పాలు కాచడం, ఇడ్లీలు, బట్టలు, పెరట్లో రాలిన కొబ్బరాకులు తీయడం అయ్యాయి. మేడమ్ గారి సాలీడు డబ్బాలో ఓ మూల నీళ్ళు చిలకరించడం ఒక్కటే మిగిలింది. ఆ పనిలో ఉండగానే ఆసుపత్రి నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి, "అక్క వెళ్ళిపోయిందండీ" అన్నారు. నాకు ముందు ఆ డబ్బాయే కనిపించింది.

మేడమ్ గారు మా పక్కింటావిడ. అమలాపురంలో కాలేజీ పిల్లలకి జువాలజీ చెప్పి రిటైరయ్యారు. అందరూ చిలకనో కుక్కనో పెంచుకున్నట్టు ఆవిడ టరాంటులాని, అంటే అరచెయ్యంత పెరిగే నూగు సాలీడుని పెంచేవారు. మీకు ఒళ్ళు జలదరిస్తే నేనేమీ అనుకోను. డబ్బాలోకి చూసేటప్పుడల్లా ఆవిడ చేతులు వెనక్కి కట్టుకునేవారు. ఎందుకని అడిగితే, "ముట్టుకోవాలనిపిస్తుంది కదండీ, అందుకు" అన్నారు.

ఆసుపత్రికి వెళుతూ, ఇంకా పిల్లగానే ఉన్న ఆ సాలీడుని నాకు అప్పగించారు. డబ్బా నిండా కొబ్బరి పొట్టు, అందులో బొరియ, దాని అడుగున చింతగింజంత ప్రాణి.

"వారానికో చిన్న బొద్దింక వెయ్యండి. ఇంకేం చెయ్యకండి. మీకు అదే కష్టం."

నిజంగానే కష్టమైంది. ఎంత చూసినా అది పెరగలేదు. ఫోన్లో ఆ మాటే అన్నాను.

"మీ అబ్బాయిని రోజూ గోడకి నిలబెట్టి కొలిచేరేంటి? వెచ్చగా ఉంచి మేపితే గబగబా పెరుగుతుందండీ. అలా పెరిగినవి త్వరగానే పోతాయి కూడా. దాని తొందర దాన్ని పడనివ్వండి."

తర్వాత అది తినడం మానేసింది. నాకు అన్నం సయించలేదు. ఒక బొద్దింకని ముట్టుకోలేదని ఇంకోటి వేశాను. మర్నాటికి బొరియకి అడ్డంగా గూడు అల్లేసుకుంది. భయమేసి మళ్ళీ ఫోన్ చేశాను. ఆవిడ గొంతు బాగా నీరసించింది.

"కోనసీమ మర్యాద దానికెందుకండీ? వద్దన్నకొద్దీ వడ్డిస్తే మనం పొట్ట పట్టుకుని లేస్తాం. అది కుబుసం విడవబోతోంది. అప్పుడు ఒళ్ళు మెత్తగా ఉంటుంది, ఆ బొద్దింకే దాన్ని కొరికేస్తుంది. రెండూ తీసెయ్యండి."

ఫోన్ పట్టుకునే వెతికాను. "ఒకటే దొరికిందండీ. రెండోది బొరియలోనే ఉండిపోయినట్టుంది."

"తవ్వకండి. తవ్వితే తప్పకుండా పోతుంది. ఆగండి. విడిచిందంటే నాకు కబురు చెప్పాలి. బాకీ."

"ఆయ్, బాకీ."

మా ఆఖరి మాటలు అవే. ఆ గూడు తెరుచుకోకుండానే ఆవిడ పోయారు. పరామర్శకి వెళ్ళినా, వంటింట్లో ఉన్నా, లోపల ఆ రెండో బొద్దింక ఏం చేస్తోందోనన్న దిగులే. తవ్వుదామని చెంచా చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసిన రోజులున్నాయి.

ఆవిడ పెద్దకర్మ నాటి పొద్దున్న సాలీడు బొరియ బయట కాళ్ళు ముడుచుకుని పడి ఉంది. చెంచాతో ఎత్తితే బరువే లేదు. లోపల ఏమీ లేదు, ఉత్త తొడుగు. వంగి చూస్తే, బొరియ అంచున ఇంకా రంగెక్కని కాళ్ళు, మునుపటికంటే పొడుగ్గా. రెండో బొద్దింక డబ్బా మూత అంచు కింద దాక్కుని ఉంది. దాన్ని తీసేశాను.

కుబుసాన్ని కాగితంలో పెట్టుకుని పక్కింటికి వెళ్ళి ఆవిడ ఫోటో ముందు ఉంచాను. "విడిచిందండీ" అన్నాను. ఫ్యాను గాలికి ఆ ఖాళీ కాళ్ళు కొంచెం కదిలాయి. సరిచేయబోయి ఆగి, చేతులు వెనక్కి కట్టుకున్నాను.

బాకీ తీరింది.