బాడీ లేని బండి

ఏ బండి దగ్గరికి వెళ్లినా ప్రేమానందం ముందు బొటనవేలి గోటితో రంగు కొంచెం గీకుతాడు. కింద ఇనుము మెరిస్తే అతనికి నెమ్మది. బ్యాటరీ మైనసు బాడీకే బిగించి ఉంటుంది కనుక, లారీలో ఏ దీపానికైనా ఒక్క తీగ లాగితే చాలు. రెండో తీగ పని బాడీ చేస్తుంది. బాడీ ఎర్తు అంటారు దాన్ని. ఉదయగిరిలో పుట్టి, ఆత్మకూరులో ముప్పై ఏళ్లుగా లారీలకు వైరింగు చేస్తున్న మనిషికి అది ఆలోచన అక్కర్లేని అలవాటు.

ఆ ఆదివారం ఆరాధన ముగిశాక అతను సోమశిల జలాశయం ఒడ్డుకు వెళ్లాడు. పెంచలనరసయ్య, అతని భార్య సుబ్బరత్నమ్మ అక్కడ మోటారు పడవ నడుపుతారు. పడవకు రెండు ఇంజన్లు. వాటి వేగం చూపే మీటర్లు స్టీరింగు ముందు ఉన్నాయి గాని, పలకడం మానేసి ఏడాదయింది. మర్నాడు ఇన్‌స్పెక్టరు వస్తాడు. మీటర్లు పనిచేయకపోతే పర్మిట్టు రాదు. ఆ ఇద్దరికీ పడవ తప్ప మరో బతుకుతెరువు లేదు.

ప్రేమానందం ఇంజన్లకు కొత్త సెన్సార్లు పెట్టాడు. సెన్సారు మొన పళ్లచక్రానికి తగిలేదాకా తిప్పి, ముప్పావు చుట్టు వెనక్కి తీశాడు. తన ముందు నుంచి ఎన్ని పళ్లు పోతే అంత వేగమని అది మీటరుకు చెబుతుంది. స్టీరింగు కింద ఒక పట్టీ ఉంది. గీకితే ఇనుము మెరిసింది. మీటర్ల నల్లతీగలు, అంటే మైనసువి, దానికే బిగించాడు.

ఇంజన్లు మోగాయి. ముళ్లు లేచాయి. సుబ్బరత్నమ్మ స్టీరింగు తిప్పగానే రెండూ ఎగిరి సున్నాకు పడ్డాయి.

"ఏందన్నా, పూనకం వచ్చినట్టు ఊగతా ఉండాయి?"

"సెన్సారు కాడ సందు ఎక్కువైనట్టుండాదమ్మా."

విప్పి మళ్లీ బిగించాడు. మళ్లీ అదే. మూడోసారీ అదే. పొద్దు వాలుతోంది.

"లారీ డాక్టరుకు పడవ చూపించినాం. తప్పు మనదే," అన్నాడు ఒడ్డు మీంచి నరసయ్య.

"నువ్వు నోరు మూసుకో," అని సుబ్బరత్నమ్మ స్టీరింగు కిందికి వంగింది. "ఈ నల్లతీగ యాడికి పోతాదన్నా?"

"యాడికీ పోదు. బాడీకి."

"దీనికి బాడీ యాడుండాది? అంతా ఫైబరే గదా! మా ఇంట్లో నీళ్ల డ్రమ్మూ ఇదీ ఒకటే."

ప్రేమానందం పడవ గోడను గోటితో గీకాడు. రంగు కింద ఇనుము లేదు. ఆ పట్టీ నుంచి ఇంజను దాకా పోయేది స్టీరింగు ఇనుప కేబులు ఒక్కటే. ఇంతసేపూ రెండో తీగ అదే. స్టీరింగు తిప్పినప్పుడల్లా అది కదిలి, కరెంటు దారి తెగుతోంది.

"నీళ్ల డ్రమ్ముకు ఎర్తు ఇచ్చినానమ్మా," అని నవ్వాడు.

నల్లతీగలు ఊడదీసి నేరుగా బ్యాటరీ మైనసు దాకా లాగాడు. స్టీరింగు ఎటు తిప్పినా ముళ్లు చలించలేదు.

మర్నాడు పొద్దున ఇన్‌స్పెక్టరు పడవెక్కి మీటర్లు చూశాడు. కొత్త వైరింగు ఎవరిదని అడిగాడు.

"నెల్లూరు మనిషి సార్, పడవలే చేస్తాడు," అన్నాడు నరసయ్య గబగబా.

పడవలో ఓ మూల నిలబడ్డ ప్రేమానందం ముందుకొచ్చాడు. "నేను సార్. ఆత్మకూరులో లారీలకు చేస్తాను. నిన్న ఎర్తు తప్పు పెట్టినాను. దిద్దినాను. చూడండి."

నరసయ్య మొహం మాడిపోయింది. ప్రేమానందం స్టీరింగు కింది మూత తెరిచి, నల్లతీగ పోయే దారంతా వేలితో చూపించాడు. ఇంజన్లు రెండూ వేసి, ఇన్‌స్పెక్టరు వంగి చూస్తుండగా స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాడు. మళ్లీ తిప్పాడు. ఆయన పర్మిట్టు మీద సంతకం పెట్టి పెన్ను జేబులో పెట్టుకునేదాకా తిప్పుతూనే ఉన్నాడు.