నీళ్ళ కింద కెజియా

సాగర్ జలాశయం ఒడ్డున, మాచర్లకు ఎగువనున్న చేపలవాళ్ళ గుడిసెల్లో, దేవిక తెడ్డు వేస్తే పుట్టి తూలదని పేరు. ఆమె పుట్టి నడిపేది, భర్త జోయెల్ వల వేసేవాడు. పదేళ్ళు అలాగే బతికారు.

వానలు మొహం చాటేసిన ఏడాది నీళ్ళు మైలు దూరం వెనక్కి పోయాయి. ఎండకు చేపలు లోతుకు దిగాయి. తెల్లారకముందే వెళ్ళి, ఎండ ముదిరేలోపు తిరిగి వచ్చేయాలని గుడిసెలవాళ్ళంతా అనుకున్నారు. ఒకరోజు వీళ్ళ వల నీటి అడుగున మొద్దుకు చిక్కుకుంది. కొత్త వల, వదిలి రాబుద్ధి కాలేదు. విడిపించేసరికి మధ్యాహ్నమైంది.

అమ్మానాన్నా ఇంకా రాలేదని ఏడేళ్ళ కెజియా నీళ్ళ సీసా పట్టుకుని, నెర్రెలు బారిన ఆ నేల మీద వెతుక్కుంటూ బయల్దేరింది. వాళ్ళు ఒడ్డుకు వచ్చేసరికి సగం దారిలో పడి ఉంది. సీసా మూత కూడా తీయలేదు. మాచర్ల ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

పైనంతా రాతినేల, గునపం దిగలేదు. నిరుడు కూడా నీళ్ళు ఇక్కడిదాకా రాలేదు కదా అని జోయెల్ నీళ్ళు వదిలిన కింది మెత్తటి మట్టిలో గొయ్యి తవ్వి, పైన నాలుగు రాళ్ళు పేర్చాడు.

ఆగస్టులో ఎగువన కుండపోత. వారం తిరక్కుండా జలాశయం నిండింది. రాళ్ళు మునిగిపోతుంటే దేవిక నడుంలోతు నీళ్ళలో అలాగే నిలబడిపోయింది. జోయెల్ రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

ఇక కష్టాలు తీరినట్టేనని గుడిసెల్లో అందరూ సంబరపడ్డారు. చేపలు బాగానే పడ్డాయి. జోయెల్ ఆ వైపు వల వేయబోతే మాత్రం దేవిక తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అందరూ వానలు పడాలని కోరుకుంటుంటే, ఆమె నీళ్ళు తగ్గాలని కోరుకునేది. ఆ మాట పక్క గుడిసె షకీలాతో కూడా అనలేదు.

ఈ వేసవిలో నీళ్ళు మళ్ళీ దిగాయి. ఇద్దరూ వెళ్ళి చూశారు. మోకాలెత్తు ఒండ్రు పరుచుకుని ఉంది. రాళ్ళ జాడే లేదు. జోయెల్ గెడతో అక్కడా ఇక్కడా గుచ్చి గుచ్చి, చివరికి బురదలోనే కూలబడ్డాడు.

"నేనేగా ఈడ పెట్టింది," అన్నాడు.

"వల పోతే పోయింది, పదమని ఆ రోజు నేనూ అన్లేదుగా," అంది దేవిక.

ఆ తర్వాత ఆమె పుట్టి ఎక్కలేదు. పెద్దవాళ్ళు వేటకు వెళ్ళాక, గుడిసెల పిల్లలందరినీ తన చూరు నీడన కూర్చోబెట్టుకుంటుంది. తెడ్డూ వలా ఒక్కడే చూసుకోలేక జోయెల్ సగం చేపలతోనే తిరిగొస్తున్నాడు.