ఇనుప టోపీ మీద మూడు దెబ్బలు

మేడ్చల్ హైవే పక్కన సర్వీసు రోడ్డులో నాదొక రేకుల షెడ్డు. బండ్లకు పడ్డ సొట్టలు తీయడం నా పని. ముప్పై ఏళ్లుగా నాకు తెలిసిన విద్య ఇదొక్కటే. ఈ మధ్య సొట్టలు తీయించుకునేవాళ్లు తగ్గిపోయారు. డోరుకు చిన్న దెబ్బ తగిలితే ఏకంగా డోరే మార్చేస్తున్నారు. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నా మంట ఎవరికి కావాలి?

అయితే షెడ్డులో నేను ఒక్కణ్నే మిగలడానికి కారణం డోర్లు మార్చేవాళ్లు కాదు, నా నోరు.

మాది ఇద్దరు కలిసి చేసే పని. ఒకడు బయట నిలబడి సుత్తితో కొడతాడు. ఇంకొకడు లోపల కూర్చుని, సరిగ్గా దెబ్బ పడేచోట రేకుకు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకుంటాడు. ఆ దిమ్మెను డాలీ అంటాం. లోపల డాలీ లేకుండా బయట కొడితే ఉన్న సొట్టకు ఇంకో సొట్ట తోడవుతుంది. బయటివాణ్ని నేను. లోపలివాడు శామీర్‌పేట నుంచి వచ్చేవాడు. చెరువులో చేపలు పట్టే ఇంట్లో పుట్టాడు, నాకంటే రెండేళ్లు చిన్న. నన్ను అన్నా అనేవాడు, నేను తమ్మీ అనేవాణ్ని. డికీల్లో, నీళ్ల ట్యాంకర్ల కడుపుల్లో ముడుచుకొని కూర్చునేవాడు. సుత్తి ఎక్కడ పడబోతోందో నాకంటే ముందే అతని చేతికి తెలిసేది.

మా మధ్య మాటల అవసరం ఉండేది కాదు. రేకు మీద సుత్తితో ఒకసారి కొడితే డాలీ జరపమని. రెండుసార్లు కొడితే గట్టిగా పట్టమని. మూడుసార్లు కొడితే పని అయిపోయింది, బయటికి రమ్మని. ఆ మూడు దెబ్బలు పడగానే చెమటలో తడిసిన మనిషి బయటికొచ్చి, "చాయ్ తాగుదాం పా అన్నా" అనేవాడు. ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా ఆ మాట మానలేదు.

రెండేళ్ల కిందట అతనికి చెవులు మందగించాయి. ఒకటి కొడితే రెండనుకునేవాడు. మూడు కొట్టినా లోపలే కూర్చునేవాడు. కొన్నాళ్లు ఓర్చుకున్నాను. ఓర్పు నా ఒంట్లో ఎక్కువ లేదు. ఒకరోజు కొత్త కారు డోరు పని పడింది. యజమాని పక్కనే నిలబడ్డాడు. జరపమని నేను ఒక దెబ్బ కొట్టాను. అతను జరపలేదు. నా సుత్తి ఖాళీ రేకు మీద పడి డోరు లోపలికి గుంట పడింది. యజమాని నావైపు ఒక చూపు చూశాడు. నా తల కొట్టేసినట్టయింది. కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తున్న అతనితో, "చెవిటి ఎద్దా! ఇగ దేనికి పనికొస్తవ్ రా నువ్వు?" అన్నాను.

అదే సమయంలో పక్క షెడ్డులో ఇనుము కోసే మిషను మోగుతోంది. అతను మెల్లగా దిగాడు. డాలీని గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. టిఫిన్ డబ్బా తీసుకొని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. కొంపల్లిలో ఏదో విల్లాల గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడని పది రోజులకు తెలిసింది.

ఆ తర్వాత పది నెలలు ఒకే ఒక్క మాట పట్టుకొని బతికాను. అతనికి నా మాట వినపడి ఉండదు. అసలే చెవుడు, పైగా ఆ మిషను మోత. పనికి విసిగిపోయాడు, గేటు దగ్గరైతే కుర్చీ ఉంటుంది, నీడ ఉంటుంది, అందుకే పోయాడు. వెళ్లి అడిగితే తేలిపోయేది. తేలిపోతుందనే వెళ్లలేదు. ఇంటికి పోతే మా ఆవిడ ఉంది, టీవీ ఉంది. పగలంతా షెడ్డులో మాత్రం నాకు దిక్కులేనట్టుండేది. చిన్నాచితకా పని ముగించి అలవాటుకొద్దీ మూడు దెబ్బలు కొట్టేవాణ్ని. కొట్టాక సిగ్గేసేది.

ఈ వేసవిలో ఒకాయన కారులో వచ్చాడు. మాటను బట్టి కోస్తా మనిషి. ఫోనులో బొమ్మ చూపించాడు. ఎక్కడో దూరదేశంలో, పాతకాలం యుద్ధాల్లో సైనికులు పెట్టుకున్నదట. తలా ముఖమూ మొత్తం మూసేసి, కళ్ల దగ్గర సన్నటి చీలిక.

"ఇలాంటి శిరస్త్రాణం కావాలండీ. ఫైబర్‌ది కాదు, అసలు ఉక్కుది, చేత్తో చేసింది. సెలవురోజుల్లో మేం కొంతమందిమి కత్తియుద్ధం ఆడతామండీ," అన్నాడు.

"నేను బండ్లకు చేస్తాను గానీ తలలకు చెయ్యను," అన్నాను.

"కొంపల్లిలో మా విల్లాల గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడండీ. రేకును చేత్తో వంచాలంటే మేడ్చల్ రోడ్డులో మీ తర్వాతే ఎవరైనా అన్నాడు."

నాకు ఆనందం ఆగలేదు. ఆ రోజు నా తిట్టు వినపడి ఉంటే నా దగ్గరికి పని పంపిస్తాడా? వినపడలేదు, ఖాయం. టోపీ చేసి, దాంతోపాటే గేటు దగ్గరికి వెళ్లి, ఏమీ జరగనట్టు అతణ్ని పనిలోకి పిలుద్దామనుకున్నాను. వెంటనే ఒప్పేసుకున్నాను.

కారు రేకు కంటే రెండింతలు మందం ఉన్న ఉక్కు రేకు తెచ్చాను. తలకు రెండు సగాలు కత్తిరించాను. వేప మొద్దులో గిన్నెలా గుంట తొలిచి, రేకును దాని మీద పెట్టి గుండ్రటి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాను. జన్మలో మొదటిసారి లోపలివైపు నుంచి కొట్టాను. కొట్టేకొద్దీ అంచులు అప్పడంలా ముడతలు పడ్డాయి. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, చల్లార్చి, మళ్లీ కొట్టాను. మొదటి సగం పగిలిపోయింది. నన్ను నేనే తిట్టుకొని ఇంకోటి కత్తిరించాను. పన్నెండు రోజులకు రెండు సగాలూ కుదిరాయి. నడినెత్తి మీదుగా అతుకు వేశాను. అతుకు నున్నగా రావాలంటే లోపల డాలీ కావాలి. కుడిచేతిలో సుత్తి, ఎడమచేతిలో డాలీ పట్టుకొని తంటాలు పడ్డాను. ముందువైపు ఎలాగో వచ్చింది. మెడ దగ్గర వెనకవైపు చిన్న పల్లం మిగిలిపోయింది. లోపలి పని నా చేతికి రాదు. రంగు వేస్తే ఎవరికీ కనపడదులే అనుకున్నాను.

ముఖం రేకు బిగించాక తలకు పెట్టుకొని చూశాను. బాగానే కూర్చుంది. పని అయిపోయింది కదా, చేతిలో సుత్తి ఉంది కదా. టోపీ తల మీద ఉందన్న ధ్యాసే లేకుండా, నా నెత్తి మీద నేనే టకటకా మూడు దెబ్బలు కొట్టుకున్నాను.

ఆ మోతకు కళ్లు బైర్లు కమ్మాయి. టోపీ లాగి పారేసి నేల మీద కూర్చుండిపోయాను. సాయంత్రం దాకా చెవుల్లో గుయ్యిమంటూనే ఉంది. హైవే మీద లారీలు చప్పుడు లేకుండా పోతున్నాయి. మెల్లగా కొట్టిన మూడంటే మూడు దెబ్బలు. అతను ట్యాంకర్ల కడుపులో కూర్చుని ముప్పై ఏళ్లు నా దెబ్బలు తిన్నాడు. అతని చెవులు పోగొట్టింది నేను. పోగొట్టి, చెవిటివాడని తిట్టింది కూడా నేనే. ఆ సాయంత్రం చాలాసేపు ఏడ్చాను.

రెండు రోజుల తర్వాత టోపీని గోనెసంచిలో చుట్టుకొని కొంపల్లి వెళ్లాను. గేటు దగ్గర నీలం చొక్కాలో అతను. నన్ను చూసి నవ్వాడు. చేతులు చాచి టోపీ తీసుకున్నాడు. కళ్లతో చూడలేదు, లోపల చెయ్యి పెట్టి వేళ్లతో తడిమాడు. మెడ దగ్గర వేలు ఆగింది.

"గీడ లోపలి చెయ్యి లేదన్నా," అన్నాడు.

ఇక ఆపుకోలేకపోయాను. వినపడాలి కదా అని గొంతు చించుకొని, "తప్పు నాదే తమ్మీ! నీ చెవులు నేనే పోగొట్టిన!" అని అరిచాను. ఎదురింటి బాల్కనీలోంచి ఎవరో తొంగిచూశారు. అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒర్రకన్నా. ఒర్రితే నోరు వంకర్లు పోతది, నాకు సమజ్ గాదు. మెల్లగ చెప్పు. ఇనరాదు గని, నోరు జూస్తే మాట తెలుస్తది."

"ఎప్పటి సంది?" అన్నాను మెల్లగా.

"చెవులు పోయినకాడి సంది. ఆ దినం గూడ నీ నోరే జూసిన."

అయితే ఆ తిట్టు అతను చూశాడు. "మరి పని ఎందుకు పంపినవ్?"

"రేకు పని నీకు గాక ఎవనికొస్తది?"

అన్న మాటే మళ్లీ అందామని నోరు తెరిచాను. ఈసారి అరవలేదు. పెదాలు మాత్రం కదిపాను, తప్పు నాదే తమ్మీ అని. అతను నా నోటివంకే చూస్తూ నిలబడ్డాడు. అంతా చదివాక తల ఊపాడు. టోపీని నా చేతుల్లో పెట్టి, వేలి కణుపుతో దాని మీద మూడుసార్లు కొట్టాడు.

చాయ్ మాట కోసం నిలబడ్డాను. లోపలికి వచ్చే కారేదో గేటు ముందు ఆగింది. అతను గేటు ఎత్తడానికి వెళ్లాడు.