పానకం చేతులు, టీచరమ్మ కాగితం

మా పక్కింటి కెమిస్ట్రీ టీచరమ్మ మొన్న గురువారం పొద్దున గుండె ఆగి చనిపోయారు. కబురు వినగానే నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఎనిమిదేళ్ల కోపం. షుగరు చూడటానికి ఆమె చేసిన కాగితాన్ని ఒక పెద్ద డాక్టరు క్యాంపు పుస్తకంలో "పనికిరాదు" అని రాశారు. ఆమె బతికుండగా ఆ మాట ఎవరూ కొట్టెయ్యలేదు.

నేను మాచర్ల పక్క క్వారీలో రాళ్లు కొట్టినవాణ్ని. చదివింది మూడో తరగతి. అయినా ఆ కాగితం సంగతి నాకు తెలుసు. ఆమె వంటింట్లో తయారవుతుంటే చూశాను. వడపోత కాగితం మీద మైనంతో గుండ్రంగా గీసి వేడి చేసేవారు. మైనం లోపలికి దిగి గట్టులా నిలబడేది, నెత్తురు దాటేది కాదు. మధ్యలో మందు చుక్క వేసి ఆరబెట్టేవారు. వేలి నుంచి ఒక్క చుక్క పడితే ఎరుపు పైనే ఆగేది, వెనకవైపు గోధుమరంగు తేలేది. రంగు ఎంత ముదిరితే షుగరు అంత ఎక్కువ.

"టీ ఖర్చులో అయిపోవాలి మామయ్యా. లేకపోతే కూలోళ్లు చూపించుకోరు" అనేవారు.

ఎనిమిదేళ్ల కిందట శ్రీరామనవమి నాడు మా ఊరి పందిట్లో క్యాంపు పెట్టారు. జనం ఒకచోట దొరికేది ఆ రోజే. కాగితం పనిచేస్తుందో లేదో చూడటానికి నరసరావుపేట నుంచి ఆ పెద్ద డాక్టరు వచ్చారు. పదిమందికి చూస్తే పదికి పదీ ముదురు రంగే.

"ఏందమ్మా, ఊరు మొత్తానికీ షుగరేనా?" అని నవ్వి, పుస్తకంలో ఆ ఒక్క మాట రాసి, సంతకం పెట్టి కారెక్కారు.

టీచరమ్మ కాగితాల వంక చూశారు, మా వంక చూశారు. తర్వాత నా చేయి పట్టుకుని వాసన చూశారు. అందరం పానకం తాగి, జిగట చేతులు పంచెకు తుడుచుకుని వచ్చినవాళ్లమే.

"సబ్బు తెండి. బెల్లం మీ వేళ్లమీద ఉంది" అన్నారు.

కడిగించి మళ్లీ చూస్తే తొమ్మిది కాగితాల మీద రంగు లేతగా తేలింది. నాది మాత్రం అదే ముదురు.

"నాకేంది షుగరు? బండలెత్తినోణ్ని. మళ్లీ కడుగుతా చూడు" అన్నాను. మూడుసార్లు కడిగాను.

"చెయ్యి అరిగిపోద్ది మామయ్యా. కాగితానికి నువ్వెవరో తెలవదు, నీ నెత్తురే తెలుసు."

పక్కనుంచి మా ఆవిడ, "నా మాట ఎట్టాగూ వినడు, కాగితం మాటన్నా వింటాడేమో చూద్దాం" అంది.

మర్నాడు నరసరావుపేట ఆస్పత్రిలో కాగితం చెప్పిందే మిషనూ చెప్పింది. నొప్పి లేదని నేను వదిలేసిన కాలి పుండు చూసి, ఇంకా ఆలస్యమైతే కాలు తీసేవాళ్లమన్నారు. మొన్న అవే రెండు కాళ్లమీద నడిచి టీచరమ్మ పాడె మోశాను.

ఆ క్యాంపు తర్వాత ప్రతి ఆదివారం క్వారీ కూలీలు, మిరపతోటల ఆడవాళ్లు చేతులు కడుక్కుని ఆమె అరుగు ముందు వరుస కట్టారు. ఎంతమంది కాగితం చూసుకుని ఆస్పత్రికెళ్లారో మా ఊరికి తెలుసు. డాక్టరుగారికీ కబురు పంపాం, "చూద్దాం" అన్నారు. నేను మండిపడితే టీచరమ్మ, "పుస్తకం సంగతి వదిలెయ్ మామయ్యా. మందు వేసుకున్నావా?" అనేవారు.

మందు వేసుకున్నాను. పుస్తకం మాత్రం వదల్లేదు.

డాక్టరుగారూ, వచ్చే ఆదివారం ఆమె పెద్దకర్మ. ఆ మాట మీ చేత్తోనే కొట్టేసి "పనిచేస్తుంది" అని రాస్తారా, రాయరా? శనివారం సాయంత్రంలోగా నాకు జవాబు కావాలి. రాకపోతే ఆదివారం భోజనాలు కాగానే ఊరు ఊరంతా సబ్బుతో చేతులు కడుక్కుని, బస్సెక్కి వచ్చి, తలా ఒక వేలు చాచి మీ గుమ్మం ముందు వరుసలో నిలబడుతుంది.