అమెరికా తంబి, కెనడా తంబి, మా పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందన్న కబురు పోయిన మంగళవారం పొద్దున, నేను మిల్లు ఆఫీసులో ఉండగా వచ్చింది. ఫోను చేసింది ఆమె తోడికోడలు, నేను చిన్నమ్మ అని పిలిచే ఆమె. "మదురైది పోయిందమ్మా," అంది. "కాఫీ తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. కాస్త నడుం వాలుస్తానని పడుకుంది, అంతే." ఆపైన ఫోను పక్కనున్న ఎవరి చేతికో ఇచ్చేసింది.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. ఇద్దరూ మదురై దగ్గర పుట్టి, కోయంబత్తూరుకు కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. మా ఇళ్ళల్లో తెలుగు నోటికి వస్తుంది గాని చేతికి రాదు. బడిలో అందరం చదివింది తమిళమే. ముప్పై ఏళ్ళు దాటాక నేను పట్టుబట్టి తెలుగు రాయడం నేర్చుకున్నాను. పెద్దమ్మకు మాత్రం ఒక్క తెలుగు అక్షరం కూడా తెలియదు. బతికున్నా ఇది చదవగలిగేది కాదు. అయినా ఆమె గురించి రాస్తే ఇందులోనే రాయాలనిపించింది.

పెదనాన్న రైల్వేలో ఫిట్టరు. పోదనూరు రైల్వే కాలనీలో వాళ్ళ పక్కింట్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబం ఉండేది. ఆ ఇంటి ఆమెతో గోడ మీదుగా మాట్లాడి మాట్లాడి పెద్దమ్మ ఇంగ్లీషు పట్టేసింది. వ్యాకరణం లేని ఇంగ్లీషు, కానీ పని జరిగిపోయే ఇంగ్లీషు. పెదనాన్న పోయాక మా మిల్లు గెస్టుహవుసులో వంటకు చేరింది. ఆఫీసు అయ్యాక నేనూ సాయానికి వెళ్ళేదాన్ని. కుక్కరు నాలుగో కూత వేసేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూసేది కాదు, వాసన చూసి చెప్పేది. ఎవరైనా నమ్మకపోతే గరిటె వాళ్ళ చేతికిచ్చి, "నువ్వే చూసుకో," అని పక్కకు జరిగేది.

అయిదారేళ్ళ కిందట మా నూలు మిల్లులో కొత్త యంత్రాలు బిగించడానికి ఇద్దరు ఇంజనీర్లు వచ్చి గెస్టుహవుసులో దిగారు. పొడుగ్గా, ఎప్పుడూ గట్టిగా నవ్వే మనిషి అమెరికా ఆయన. లావుగా, మెల్లగా మాట్లాడే మనిషి కెనడా ఆయన. మా కళ్ళకు ఇద్దరూ ఒకటే. ఇద్దరూ తెల్లవాళ్ళు, ఇద్దరిదీ ఇంగ్లీషు, ఇద్దరికీ కారం పడదు. పెద్దమ్మ వాళ్ళను తమ్ముళ్ళ వరసలో అమెరికా తంబి, కెనడా తంబి అని పిలిచేది.

ఒకటే కాదని మొదటి రోజే తెలిసింది. స్టేషను దగ్గర ఆటో అతను "అమెరికానా సార్?" అని అడిగాడని, కెనడా తంబి వీపు మీది సంచి ముందుకు తిప్పి, దానికి కుట్టించుకున్న ఎర్ర ఆకు జెండా చూపించాడంట. పక్కనున్న అమెరికా తంబి, "కెనడా అంటే మా ఇంటి పైన అటక," అని నవ్వాడు. అక్కడ మొదలు. ఒకరు ఇవాళ వంద డిగ్రీల ఎండ అంటే, రెండోవారు కాదు ముప్పై ఎనిమిది అనేవారు. ఏసీ రిమోటు కోసం పోట్లాట. గోడ మీద అతికించిన కాగితంలో 'కలర్' అన్న ఇంగ్లీషు మాటకు ఒకరు ఒక అక్షరం కలిపితే ఇంకొకరు దాన్ని కొట్టేసేవారు. "ఎన్ని డిగ్రీలైతే ఏం తంబీ, ఎండ ఒకటే కదా," అని పెద్దమ్మ ఇద్దరి ముందూ మజ్జిగ గ్లాసులు పెట్టేది.

పండుగ దగ్గర ఇంకా ముదిరింది. పంట ఇంటికొచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకునే పండుగ ఆ రెండు దేశాల్లోనూ ఉంది. కెనడావాళ్ళకు అక్టోబరులో, అమెరికావాళ్ళకు నవంబరులో. కెనడా తంబి అడిగాడని పెద్దమ్మ అక్టోబరులో కోడి వేయించి, గుమ్మడికాయ హల్వా చేసింది. అమెరికా తంబి బల్ల దగ్గరికి రాలేదు. అసలు పండుగ వచ్చే నెల అని చెప్పి గదిలో పెరుగన్నం తిన్నాడు. నవంబరులో ఆయన కోసం మళ్ళీ అదే వంట. ఆ రోజు కెనడా తంబి పొద్దున్నే మేట్టుపాళయం వెళ్ళి కొండ రైలెక్కేశాడు. రెండుసార్లూ పెద్దమ్మ రానివాళ్ళ వంతు హల్వా తీసిపెట్టి, మర్నాడు ఇడ్లీ పక్కన ఏమీ చెప్పకుండా పెట్టింది. ఇద్దరూ ఏమీ అడగకుండా తిన్నారు.

నిజంగా మనసు విరిగింది మాత్రం మిల్లులో జరిగిన సన్మానంలో. మిల్లు యజమాని, మా మొదలాళి, శాలువాలు కప్పి, "మన ఇద్దరు అమెరికా ఇంజనీర్లు," అని మైకులో చెప్పాడు. కెనడా తంబి ముఖం ఎర్రబడింది. "నేను అమెరికన్ని కాదు," అన్నాడు. మొదలాళి కంగారుపడి ఏదో చెప్పబోతుంటే అమెరికా తంబి భుజాలెగరేసి, "పరవాలేదు సార్, రెండూ ఒకటే," అన్నాడు. జనం నవ్వారు. కెనడా తంబి శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి దిగి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బల్ల దగ్గర కూర్చుని, "అమ్మా, ఉప్పు ఇటు ఇమ్మని ఆయనకు చెప్పు," అని ఒకరు, "రేపు కారు నాకు కావాలని చెప్పు," అని ఒకరు. పెద్దమ్మ మధ్యలో నిలబడి చెప్పేది. ఒకసారి అమెరికా తంబి, "బడి పిల్లాడిలా కొలుస్తున్నాడని చెప్పు," అంటే, "ఇంకొకసారి కొలిస్తే మంచిదంటున్నాడు," అని చెప్పింది. వంటింట్లోకి వచ్చాక నేను నవ్వితే ఆమె నవ్వలేదు. "వాడు సభలో 'రెండూ ఒకటే' అన్నాడు చూడు, అది తగిలినోడికే తెలుస్తాదే," అంది.

ఆమెకు అది ఎందుకు తెలుసో నాకు తెలుసు. అప్పటికి పదకొండేళ్ళుగా ఆమె తోడికోడలితో మాట్లాడలేదు. ఒక పెళ్ళిలో వడ్డన జరుగుతుండగా పెద్దమ్మ "ఇంకో పోళి వెయ్యి," అంది. చిన్నమ్మది కోయంబత్తూరే. మా వైపు ఆ బొబ్బట్టును ఒప్పుట్టు అంటారు. చిన్నమ్మ పంక్తి అంతా వినేలా, "మదురై వాళ్ళది తెలుగేనా? సగం అరవమే కదా," అంది. పెద్దమ్మ ఊరుకునే రకం కాదు. "మీదేంది, కొంగునాడు అరవానికి తెలుగు చొక్కా తొడిగినారు," అంది. అందరూ నవ్వారు. ఆ ఇద్దరు మాత్రం లేచి చెరో గుమ్మం నుంచి వెళ్ళిపోయారు.

ఇక ఆ గురువారం సంగతి చెప్పాలి. పెద్ద మోటారును పైకెత్తి దిమ్మె మీద కూర్చోబెట్టే పని కెనడా తంబిది. తెల్లారకముందే షెడ్డుకు వెళ్ళిపోయాడు. అమెరికా తంబి తీరిగ్గా ఇడ్లీ తింటూ, "ఆయన అప్పుడే వెళ్ళాడా?" అని అడిగాడంట.

"పోయినాడు. ఇవాళ మోటారు ఎత్తేది కదా," అంది పెద్దమ్మ.

"ఇవాళా? రేపనుకున్నానే." ఆయన చెయ్యి ఆగిపోయింది. "ఎత్తే గొలుసు మా పెట్టెలో వచ్చింది. దాని బిళ్ళ మీద అయిదువేలని ఉంటుంది. అది పౌండ్లు. అక్షరాలు అరిగిపోయాయి. ఆయన కిలోలు అనుకుంటున్నాడేమో."

"అంటే?"

"అంటే ఆయన అనుకున్న బరువులో సగం కూడా అది మొయ్యలేదు."

"ఆ మాట చెప్పినావా తంబీ?"

"ఆయన అడగలేదు."

పెద్దమ్మ ఆయన ముందున్న ప్లేటు తీసేసింది. పొయ్యి ఆర్పింది. "లే," అంది. ఆ తరువాత నాకు ఫోను చేసి, అరుస్తూ రెండే మాటలు చెప్పింది: "గొలుసు ఆపు. మోటారు దించమను."

నేను ఆఫీసు మెట్లు దిగి షెడ్డుకు పరిగెత్తాను. మోటారు అప్పటికే నేల మీది నుంచి జానెడు లేచి ఉంది. చుట్టూ నలుగురు ఫిట్టర్లు, నలుగురూ పోదనూరు నుంచి వచ్చే మనవాళ్ళే. ఒకడు మోటారు అటూఇటూ ఊగకుండా రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నేను కెనడా తంబితో విషయం చెప్పాను. ఆయన పని ఆపించాడు గాని దించమనలేదు. "ఈ మాట ఎవరు చెప్పారు? ఆయనేనా?" అన్నాడు. "పనివాళ్ళ ముందు నన్ను వెర్రివాణ్ణి చెయ్యాలని చూస్తున్నాడు."

నేనేం చెప్పినా ఆయన చెవికెక్కలేదు. ఫిట్టర్లను మాత్రం దూరం జరగమని నేనే తమిళంలో అరిచాను. ఇంతలో ఆటో వచ్చి ఆగింది. ముందు పెద్దమ్మ, వెనక అమెరికా తంబి. ఆమె చేతులకు ఇంకా ఇడ్లీ పిండి ఉంది. నేరుగా వచ్చి, ఫిట్టరు వదిలిన చోట, మోటారు పక్కన నిలబడింది.

"అమ్మా, అక్కడ నిలబడొద్దు!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు.

"నేనిక మీ మాటలు మొయ్యను," అంది పెద్దమ్మ తన ఇంగ్లీషులో. "మీ ఊర్ల సండా పోట్లాటా మీ ఊర్లో పెట్టుకోండి. ఇది పడితే పోయేది మా పిల్లలు. నువ్వు వాడికి చెప్పు. నువ్వు వాడి మాట విను. అందాక నేను ఈడనే ఉంటా."

అమెరికా తంబి కెనడా తంబి కళ్ళలోకి చూసి చెప్పాడు. "పౌండ్లు. ఆ పెట్టె సర్దింది నేనే. వారం కిందటే నీకు చెప్పాల్సింది."

కెనడా తంబి ఒక్క క్షణం ఆలోచించలేదు. "దించండి," అన్నాడు. మోటారు నేలకు తాకాక ఫిట్టర్లు గొలుసు విప్పి చూశారు. గుండ్రంగా ఉండాల్సిన కడియాల్లో ఒకటి సాగి కోడిగుడ్డులా అయిపోయి ఉంది. అందరం దాన్ని చూశాం. కెనడా తంబి ఒక చెక్కపెట్టె మీద కూలబడ్డాడు. అమెరికా తంబి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. పెద్దమ్మ వాళ్ళను అలాగే వదిలేసి, వచ్చిన ఆటోలోనే వెనక్కి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం వంట ఆలస్యమైందని తర్వాత విసుక్కుంది కూడా.

సాయంత్రం ఇద్దరూ వంటింటి గుమ్మంలోకి వచ్చి, "సారీ అమ్మా," అన్నారు. "నాకెందుకు?" అంది ఆమె, తిరిగి చూడకుండా. తర్వాత అమెరికా తంబి పక్కకు తిరిగి, ఆ సన్మానం రోజు తను అన్న మాట తప్పని చెప్పాడు. కెనడా తంబి తల ఊపి చెయ్యి చాచాడు.

వాళ్ళు వెళ్ళాక నేను గిన్నెలు తుడుస్తూ ఉండబట్టలేక అడిగేశాను. "పెద్దమ్మా, మరి నువ్వూ చిన్నమ్మా?"

చేతిలో గిన్నె ఉంటే నా మీద విసిరేదేమో. మూడు రోజులు నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. ఆదివారం పొద్దున మా ఇంటికొచ్చి, "గాంధీపురం పోవాల. తోడు రా," అంది. చిన్నమ్మ ఇల్లు ఆ బట్టల కొట్ల వెనక సందులో. పెద్దమ్మ చేతిలో పండూ పువ్వూ ఏదీ లేదు. చిన్నమ్మ తలుపు తీసి, మమ్మల్ని చూసి అలాగే నిలబడిపోయింది.

"నువ్వు పిలవలేదని నేను రాలేదు," అంది పెద్దమ్మ. "నేను రాలేదని నువ్వు పిలవలేదు. పదకొండేండ్లు అయిపోయిందే."

చిన్నమ్మ పమిట కొంగుతో ముఖం తుడుచుకుంది. "గుమ్మంలో నిలబడి ఏమి మాటలు? లోపలికి రా. నీకు మోకాలు నొప్పి అంట కదా," అంది. మాటల్లేని ఆ పదకొండేళ్ళూ ఎవరినో అడిగి పెద్దమ్మ మోకాలి సంగతి తెలుసుకుంటూనే ఉందన్నమాట.

వాళ్ళు ఆ తర్వాత పోట్లాడుకోలేదని చెప్తే అబద్ధం. మొన్నటిదాకా పోట్లాడుకుంటూనే ఉన్నారు. కాకపోతే ఒకే ఇంట్లో. చిన్నమ్మ భర్త కూడా పోయాక ఇద్దరూ పోదనూరులో కలిసే ఉన్నారు. ఆ ఇంజనీర్లూ వెళ్ళిపోయేదాకా ఏసీ రిమోటు కోసం తగువులాడుకున్నారు. కానీ మళ్ళీ ఒకరితో ఒకరు మాటలు మాత్రం మానలేదు. పెద్దమ్మ పోయిన రోజు నేను కెనడా తంబి ఒక్కడికే రాశాను, నా దగ్గర ఉన్నది ఆయన చిరునామానే. గంట తిరక్కుండా అమెరికా తంబి దగ్గర నుంచి జవాబొచ్చింది.

పెద్దమ్మను తలుచుకుంటే నాకు షెడ్డు గుర్తుకు రాదు. పోయిన ఏడాది ముగ్గురం కంటి ఆసుపత్రికి వెళ్ళి బస్సులో తిరిగొస్తున్నాం. ముందు సీట్లో పెద్దమ్మ, చిన్నమ్మ. ఇంటికెళ్ళి పెట్టబోయేది చారా, రసమా అని గొడవ. బస్సంతా వినిపిస్తోంది. కండక్టరు టికెట్లు కొడుతూ వచ్చి, నవ్వుతూ ఆ అవ్వలిద్దరినీ తమిళంలో అడిగాడు, "పాట్టీ, ఏం భాష అది?"

"తెలుంగు," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

తర్వాత ఒకరినొకరు చూసుకుని నోరు మూసుకున్నారు. బస్సు మలుపు తిరిగినప్పుడు చిన్నమ్మ ఒరిగిపోతే, పెద్దమ్మ కిటికీలోంచి బయటికే చూస్తూ, చెయ్యి అడ్డం పెట్టి ఆమెను పట్టుకుంది. మలుపు దాటిపోయింది. చెయ్యి అక్కడే ఉంది.