బాణీ కొట్టేసి పాణి రాసిన మేడం

మా పెద్దమేడం పోయారని మొన్న ఆమదాలవలసలో రైలు దిగుతుంటే ఫోనొచ్చింది. జనం నన్ను దాటుకుని వెళ్ళిపోయారు. నేను ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చున్నాను.

కోటబొమ్మాళి దగ్గర బడిలో నేను టీచరుగా కొత్తగా చేరేనాటికి ఆవిడ ఒకటో తరగతికి చెప్పేవారు. తెల్ల కాగితాల మీద నీళ్ళరంగులతో ఎగిరే చేపల్నీ, మబ్బుల మేడల్నీ వేసి, కింద రెండేసి పంక్తుల్లో ప్రాస కుదిర్చి కథ రాసి, దారంతో కుట్టేవారు. చదువుతూ ప్రాసమాట దగ్గర ఆగేవారు. దాన్ని పిల్లలే అందుకోవాలి. ఆ గొంతులు గోడ దాటి వస్తుంటే పక్కగదిలో నా తరగతి కూడా నెమ్మదిగా తేలిపోతున్నట్టు ఉండేది. అయినా ఓరోజు అనేశాను, “నాలుగక్షరాలు దిద్దిస్తే మేలు కదండీ?”

“అచ్చరాలు ఎక్కడికి పోతాయమ్మా! ముందు పిల్లల నోరు ఇప్పనీ.”

ఆ ఏడు ఇటుకబట్టీ పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ళ పాప చేరింది. మూడు నెలలైనా నోరు మెదపలేదు. “దీనికిక్కడ చదువు రాదు, మాన్పించెయ్” అని వాళ్ళమ్మతో చెప్పింది నేనే. మర్నాడు ఆమె పాపను తీసుకుపోదామని వచ్చి, కథ నడుస్తుంటే గుమ్మంలో ఆగింది. నేనూ ఆమె వెనకే ఉన్నాను.

“మబ్బుల మేడలో ముద్దుల రాణి,
పొద్దున్నే ఎత్తింది తీయని...”

‘బాణీ’ అని అందుకోవాలి. అందరికన్నా ముందు ఆ పాప అంది, “పాణి!”

తరగతంతా నవ్వింది. మేడం నవ్వలేదు. “పాణి అంటే ఏటమ్మా?” అన్నారు. పాప లేచొచ్చి, బొమ్మలో రాణి చంకనున్న బిందె మీద వేలు పెట్టింది. వాళ్ళ ఒడియాలో పాణి అంటే నీళ్ళు!

“సూడండర్రా, బిందె పట్టుకున్నాది. పాటేటి ఎత్తుతాది? నీళ్ళే ఎత్తుతాది. నేనే తప్పు రాసీసినాను.” పెన్ను తీసి బాణీ కొట్టేసి, పాణి అని రాశారు.

తల్లి ఒక్కతే తిరిగి వెళ్ళింది. ఆ సాయంత్రం నేను మేడం ముందు తల దించుకుని నిలబడితే, “అదీ నేర్సుకుంటన్నాది, నువ్వూ నేర్సుకుంటన్నావు” అన్నారంతే. బట్టీ పని అయిపోయి వాళ్ళు ఊరెళ్ళేనాటికి పాప కథంతా చెప్పేది. మేడం ఆ పుస్తకం దానికే ఇచ్చేశారు.

ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఒక వానపొద్దు కనిపిస్తుంది. కరెంటు లేదు. మేడం కొత్త బొమ్మను కిటికీకి ఆనించి పట్టుకున్నారు. బయటి వెలుతురు కాగితంలోంచి జారి దిగుతోంది. మెడలు చాచి చూస్తున్న పిల్లల బుగ్గల మీద కాస్త నీలం, కాస్త పసుపు.